ఫార్వర్డులు ఆపమని ఇంటివాళ్లకు ఎట్లా చెప్పాలి?

(దుబాయ్‌లో జరిగిన వార్షిక సమావేశంలో ఒక కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ చేసిన ప్రసంగం)



నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. డిప్లొమా చేసి వచ్చినోణ్ణి. రోజూ పొద్దున సైటులో పది నిమిషాలు టూల్‌బాక్స్ టాక్ ఇస్తాను, నాకు వచ్చిన ప్రసంగం అదొక్కటే. బెల్టు తగిలించుకోండి, స్కాఫోల్డింగ్‌కు గ్రీన్ ట్యాగ్ ఉందో లేదో చూసి ఎక్కండి, నీళ్లు తాగండి. ఇవే మాటలు. సంఘం వాళ్లు ఫోన్ చేసి "అన్నా, ఈసారి వాట్సాప్ ఫార్వర్డుల గురించి నువ్వు మాట్లాడు" అంటే నవ్వొచ్చింది. సేఫ్టీ గురించి చెప్పేవాడికి ఇదేం సబ్జెక్టు అనుకున్నాను. తర్వాత పోయిన ఎండాకాలం మా సైటులో జరిగింది గుర్తుకొచ్చి, సరే అన్నాను.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని బంద్ అని మీ అందరికీ తెలుసు. కానీ జూలైలో పదకొండు గంటలకే ఎట్లుంటదో కూడా మీకు తెలుసు. మా స్టీల్ ఫిక్సింగ్ గ్యాంగులో ఒక పిల్లగాడు, ఊరి నుంచి వచ్చి మూడు నెలలు, స్లాబ్ మీద రాడ్లకు తీగ కడుతూ కడుతూ కూలబడ్డాడు. నేను పైకి ఎక్కేసరికి ఒళ్లు కాలిపోతోంది, ఏదో మాట్లాడుతున్నాడు గాని అర్థం లేదు. చుట్టూ నలుగురున్నారు. పది అడుగుల దూరంలో ఐస్ వేసిన వాటర్ కూలర్ ఉంది. ఒక్కడూ నీళ్లు పోయడం లేదు! ఏందయ్యా చూస్తున్నరు అంటే ఒకతను చెప్పాడు: "సార్, ఎండలో ఉన్నోనికి చల్లనీళ్లు పోస్తే నరాలు పగుల్తయట. మెసేజ్ వచ్చింది."

వాళ్లను తిట్టే టైమ్ కాదు. నీడకు మోసుకొచ్చి, షర్టు విప్పి, తల మీద, ఒంటి మీద నీళ్లు పోశాం. మెడకు, చంకల కింద ఐస్ పెట్టాం. అట్టముక్కతో విసురుతూనే ఉన్నాం. 998కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. వడదెబ్బకు మొదటి వైద్యం ఒంటిని చల్లబరచడమే, అదీ వెంటనే. తెలివి ఉంటే నీళ్లు తాగించాలి, లేకపోతే నోట్లో పోయకూడదు. ఈ రెండు ముక్కలు మీరు ఇంకేం మర్చిపోయినా గుర్తు పెట్టుకోండి. పిల్లగాడు రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడ్డాడు.

తర్వాత రూముకు పోయి కూర్చుని అడిగితే ఫోన్ తీసి చూపించాడు. నలభై డిగ్రీలు దాటితే చల్లనీళ్లు ముట్టుకోవద్దు, సన్న రక్తనాళాలు పగిలిపోతాయి, ఎండలోంచి వచ్చి కాళ్లు కడుక్కున్న ఒకాయన అక్కడికక్కడే పడిపోయాడు, డాక్టర్లు చెబుతున్నారు, మీవాళ్లందరికీ పంపండి అని. ఈ మెసేజ్ ప్రతి ఎండాకాలం తిరుగుతుంది. ఒక ఏడాది తెలుగులో వస్తుంది, ఒక ఏడాది హిందీలో. ఏ డాక్టరో, ఏ ఆస్పత్రో, పేరు ఉండదు. ఈ పిల్లగాడు అది చదివి రెండు వారాలుగా కూలర్ నీళ్లు మానేశాడు. బ్యాగులో బాటిల్ పెట్టుకుని ఆ వేడి నీళ్లే గుక్కెడు గుక్కెడు తాగుతున్నాడు. వేడి నీళ్లు ఎంతని తాగుతాడు మనిషి?

ఆ మెసేజ్ ఎవరు పంపారంటే, వాళ్ల అక్క. ఊళ్లో బీడీలు చేసుకుంటూ ఇద్దరు పిల్లలను సాకుతున్న అక్క. తమ్ముడు ఎండలో పని చేస్తున్నాడని భయపడి పంపింది. ఆమె ప్రేమలో ఒక్క వీసమంత అబద్ధం లేదు. మెసేజ్ మొత్తం అబద్ధం. ఇక్కడే మన కష్టం ఉంది. మోసగాడు పంపితే తిట్టొచ్చు, బ్లాక్ చేయొచ్చు. అక్కను ఏమంటాం?

ఇది కొత్త జబ్బు కాదు. నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు ఊళ్లలో కరపత్రాలు వచ్చేవి. ఫలానా గుడిలో పాము కనబడి పూజారితో మాట్లాడింది, ఈ కాగితం ఐదు వందలు అచ్చువేయించి పంచినవాడికి లాటరీ తగిలింది, చింపేసినవాడి కొడుకు పోయాడు. కొందరు పోస్టుకార్డుల మీద రాసి పంపేవాళ్లు. నేను డిప్లొమా చదివేటప్పుడు అదే సరుకు నెట్ సెంటర్లో ఈమెయిల్‌గా వచ్చింది, పది మందికి పంపకపోతే అరిష్టం అని. ఇప్పుడు వాట్సాప్. తేడా ఏందంటే, కరపత్రం వేయించాలంటే ప్రెస్సోడికి డబ్బులు ఇవ్వాలి, అందుకే మనిషి ఒక రాత్రి ఆలోచించేవాడు. ఇప్పుడు బొటనవేలు చాలు. ఆ ఖర్చు పోయింది, దాంతోపాటు ఆ ఒక రాత్రి ఆలోచన కూడా పోయింది.

వచ్చేవాటిలో సగం నవ్వుకుని వదిలేసేవే. యునెస్కో వాళ్లు మన జాతీయ గీతాన్ని ప్రపంచంలో ఫస్ట్ అన్నారని ఎన్నేళ్లుగా వస్తోందో లెక్క లేదు, వాళ్లు అట్లా ఎప్పుడూ అనలేదు. 2016లో రెండు వేల నోటు వచ్చినప్పుడు దాంట్లో చిప్ ఉంది, భూమిలో పాతినా దొరుకుతుందన్నారు. 2023లో ఆ నోటునే వెనక్కి తీసుకున్నారు, చిప్ మాత్రం ఎవరికీ దొరకలేదు. వీటితో మనకు పెద్ద నష్టం లేదు, ఫోన్ నిండుతుంది అంతే.

మనలాంటివాళ్లకు నష్టం చేసేవి వేరే ఉన్నాయి. ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష మెసేజ్‌ల సంగతి చూడండి. ఇక్కడ 2018లో ఒకటి ఇచ్చారు, ఆగస్టులో మొదలై డిసెంబర్ ఆఖరు దాకా నడిచింది. మళ్లీ 2024లో సెప్టెంబర్ 1న మొదలుపెట్టి, అక్టోబర్ ఆఖరుకు ముగుస్తుందని చెప్పి, డిసెంబర్ 31 దాకా పొడిగించారు. ఒకసారి నిజంగా పొడిగించారు కదా, ఇంకోసారి పొడిగించారని మెసేజ్ వస్తే ఎవరైనా నమ్ముతారు. జనవరిలో మా క్యాంపులోనూ అట్లాంటిది తిరిగింది. కల్లివెల్లి అయి తలదాచుకుంటున్న మనిషికి ఆ మెసేజ్ వస్తే ఏమవుతుంది? ఇంకా టైమ్ ఉందిలే అని కూర్చుంటాడు. లేదా తేదీ దాటిన తర్వాత ధైర్యంగా బయటికొస్తాడు. ఊళ్లో ఉన్న బామ్మర్ది "బావా, మంచి వార్త" అని పంపిన మెసేజ్ అది.

ఉద్యోగాల మెసేజ్‌లు కూడా అంతే. కెనడాలో వర్కర్లు కావాలి, ఇంటర్వ్యూ లేదు, రిజిస్ట్రేషన్‌కు ఇంత కట్టండి అని. ఏ ఏజెంటైనా మన ప్రభుత్వం దగ్గర లైసెన్స్ ఉన్నవాడా కాదా అనేది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. లైసెన్స్ ఉన్నవాడు కూడా సర్వీస్ చార్జీ ముప్పై వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మెసేజ్‌లో లైసెన్స్ నంబర్ లేదంటే ఇంక ముందుకు చదవాల్సిన పని లేదు.

సైటుకు రెడీమిక్స్ ట్రక్కు వస్తే మనం ఏం చేస్తాం? వచ్చింది కదా అని పోసేస్తామా? డెలివరీ నోట్ అడుగుతాం. ఏ ప్లాంటు, ఏ గ్రేడు, ఎన్ని గంటలకు కలిపారు అని చూస్తాం. స్లంప్ తీస్తాం. టైమ్ దాటితే ట్రక్కును వెనక్కి పంపిస్తాం, డ్రైవర్ మనోడైనా సరే. డ్రైవర్ మీద కోపం ఉండదు, అతను తెచ్చాడు అంతే. మెసేజ్ కూడా అట్లాగే. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది లేని సరుకు పోయకూడదు. వాట్సాప్ కూడా మనకొక గుర్తు ఇస్తోంది. మెసేజ్ పైన రెండు బాణాలు కనబడితే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అట్లాంటిది ఒకసారికి ఒక్కరికే పంపగలిగేటట్టు 2020లోనే వాళ్లు కట్టడి చేశారు. అంత కట్టడి ఎందుకు పెట్టాల్సి వచ్చిందో 2018లో మన దగ్గరే చూశాం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో మెసేజ్‌లు పాకి, అమాయకులను జనం కొట్టి చంపిన సంవత్సరం అది. జోగుళాంబ గద్వాల జిల్లాలో అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరూరికీ పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ మెసేజ్‌లు నమ్మొద్దని చెప్పించారు. కానిస్టేబుళ్లను ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించారు. డప్పు చాటింపే మళ్లీ అక్కరకొచ్చింది చూడండి.

ఇంకొక మాట, ఇది గట్టిగా చెప్తున్నాను. ఇండియాలో ఫార్వర్డ్ చేస్తే ఎవరో ఒకరు కసురుకుంటారు, చాలావరకు అంతటితో అయిపోతుంది. ఇక్కడ అట్లా కాదు. యూఏఈలో 2021లో తెచ్చిన 34వ నంబర్ చట్టం ఉంది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఫోన్‌లోనో ఇంటర్నెట్‌లోనో అబద్ధపు వార్తలు, పుకార్లు వ్యాప్తి చేస్తే కనీసం ఏడాది జైలు, కనీసం లక్ష దిర్హాముల జరిమానా. రోగాలు ప్రబలినప్పుడు, ఆపద వచ్చినప్పుడు చేస్తే రెండేళ్లు, రెండు లక్షలు. లక్ష దిర్హాములంటే మనలో ఎంతమందికి ఎన్నేళ్ల జీతమో మీరే లెక్కేసుకోండి. "నేను రాయలేదు సార్, వచ్చింది, పంపిన" అంటే కుదరదు, పంపడం కూడా వ్యాప్తి చేయడమే. మన ఊరి గ్రూపులో వచ్చింది మన చేతి మీదుగా ఇక్కడి గ్రూపులోకి పోతే చిక్కు మనకే. ఈ సంగతి ఇంటివాళ్లకు తెలియదు. తెలిస్తే సగం మంది వాళ్లంతట వాళ్లే ఆపుతారు. అందుకే అడగడానికి ఇది మంచి దారి. "మీరు పంపేది తప్పు" అని మొదలుపెట్టే బదులు "ఇక్కడి చట్టం ఇట్లుంది, నాకు ఇబ్బంది అయితది" అంటే ఎవరికీ మనసు నొచ్చుకోదు.

ఇక అసలు సంగతికి వస్తా. ఎట్లా చెప్పాలి?

గ్రూపులో అందరి ముందు చెప్పొద్దు. ఇది మొదటి మాట, చివరి మాట కూడా ఇదే అనుకోండి. మేనమామ పెట్టిన మెసేజ్ కింద "ఇది ఫేక్" అని ఒక్క ముక్క రాస్తే, ఆయన మనకు నేర్పినవన్నీ ఆ ఒక్క ముక్కతో కొట్టేసినట్టు అనుకుంటాడు. పండక్కి పోయినా మాట్లాడడు. ఆయనకు విడిగా వాయిస్ పెట్టాలి. రాతలో కోపం లేకపోయినా కోపం కనబడుతుంది, గొంతులో అట్లా కాదు.

ఒక్కొక్కరికి ఒక్కో తీరు. బావ, బామ్మర్ది అయితే బాధే లేదు, "ఏం బావా, ఫోన్ కంపెనీ పెట్టినవా" అని పరాచికం ఆడొచ్చు. అత్తగారి వైపు వాళ్లకు మనం చెప్పొద్దు, ఇల్లాలితో చెప్పించాలి. మా ఊరి గ్రూపులో రిటైరైన సారొకాయన ఉన్నారు. నాకు ఎక్కాలు చెప్పిన సారు. రోజుకు ముప్పై పెట్టేవారు. ఆయనకు ఏం చెప్పాలో చాలా రోజులు ఆలోచించాను. చివరికి ఫోన్ చేసి, "సార్, వేరేవాళ్లు పెడితే ఎవరూ పట్టించుకోరు. మీరు పెడితే ఊరంతా నిజమని నమ్ముతది, సారే పెట్టిండు గదా అంటరు. అందుకని మీరు ఒక్కసారి చూసి పెట్టుండ్రి" అన్నాను. సారు కాసేపు పలకలేదు. తర్వాత "గంతేనంటవా" అన్నారు. ఇప్పుడు ఎవరైనా గ్రూపులో పిచ్చి మెసేజ్ పెడితే ఎక్కడిది, తేదీ ఎక్కడ అని అడిగేది ఆయనే. కొంచెం ఎక్కువే అడుగుతున్నారు, అది వేరే సంగతి.

మా బాపు సంగతి చెప్తాను. అరవై దాటిన తర్వాత ఫోన్ పట్టుకున్నాడు. పొద్దున ఆరింటికి పువ్వుల బొమ్మలతో గుడ్ మార్నింగ్‌లు మొదలు. అక్కడ ఆరంటే మనకు ఇక్కడ నాలుగున్నర, బస్సు కోసం లైన్లో నిలబడే టైమ్. పువ్వులు, దేవుళ్లు, సూర్యుడు, చాయ్ కప్పు. ఆపమని చెప్పడానికి ముందు నాకు తట్టింది ఏందంటే, బాపుకు రాయడం సరిగ్గా రాదు. ఆ పువ్వు బొమ్మ అంటే "నేను లేచిన, మంచిగున్న, నువ్వు లేచినవా" అని అర్థం. అది ఆపమంటే మాట ఆపమన్నట్టే. అందుకని ఆపమనలేదు. "బాపూ, ఆ పువ్వుకన్నా నీ గొంతు వినబుద్ధైతది. పొలం కాడికి పోయినప్పుడు మైక్ బొమ్మ మీద వేలు పెట్టి పసుపు ఎట్లుందో ఒక్క మాట చెప్పు" అన్నాను. తమ్ముడి కొడుకు నేర్పించాడు. ఇప్పుడు బస్సులో కూర్చుని వింటాను. మోటర్ కాలింది, పందులు పడ్డయి, ఎదురింటి ముసలమ్మ పోయింది. వెనక పిట్టల చప్పుడు కూడా వస్తది. సోమవారం సోమవారం శివుడి బొమ్మ మాత్రం ఇప్పటికీ వస్తుంది. దాని గురించి నేనేమీ అనలేదు.

ఆ స్టీల్ ఫిక్సింగ్ పిల్లగాడు కూడా వాళ్ల అక్కకు వాయిస్ పెట్టాడు, నా ముందే. "అక్కా, నువ్వు పంపిన నీళ్ల మెసేజ్ తప్పంట, డాక్టర్ చెప్పిండు. నీ మీద కోపం లేదు. గట్లాంటివి పంపకు గాని, రోజు ఒక్కసారి నన్ను అడుగు, నీళ్లు తాగినవా అని." ఆస్పత్రి సంగతి ఆమెకు చెప్పలేదు, చెప్పొద్దన్నాడు. ఇప్పుడు రోజూ పదకొండింటికి వాడి ఫోన్‌లో "నీళ్లు తాగినవారా తమ్మీ" అని వస్తుంది. బ్రేకులో అది చూసి గ్యాంగు మొత్తం నవ్వుతుంది, నవ్వుకుంటూ కూలర్ దగ్గరికి పోతుంది. నా టూల్‌బాక్స్ టాక్ కన్నా ఆ అక్క మాటే బాగా పనిచేస్తోంది.

చెప్పడం కష్టమని గ్రూపును మ్యూట్‌లో పెట్టి కూర్చునేవాళ్లున్నారు. దాంతో వచ్చే ఇబ్బంది కూడా చూశాను. మా రూములో నిర్మల్ అన్న ఒకాయన, ప్లంబింగ్ పని. కుటుంబం గ్రూపులో రోజుకు నూటయాభై వస్తున్నాయని మ్యూట్ చేశాడు. ఒకరోజు పొద్దున వాళ్ల తమ్ముడు ఆ గ్రూపులోనే పెట్టాడు, నాయినను ఆస్పత్రిలో చేర్పించినం, ఆపరేషన్ అంటున్నరు, డబ్బుల సంగతి చెప్పు అని. వాట్సాప్‌లో కాల్ ఇక్కడ పనిచేయదు, డ్యూటీలో ఫోన్ లాకర్‌లో ఉంటుంది. సాయంత్రం ఫోన్ తీసినా మ్యూట్ కాబట్టి చూడలేదు. రాత్రి పదింటికి చూసేసరికి ఆ మెసేజ్ మీద పండగ శుభాకాంక్షలు, బంగారం ధర, కీళ్లనొప్పుల కషాయం, ఎనభై మెసేజ్‌లు పడి ఉన్నాయి. నాయినకు మర్నాడు ఆపరేషన్ అయింది, బాగానే ఉన్నాడు. కానీ డబ్బు పంపాల్సి వస్తదని కావాలనే పలకలేదన్న మాట ఒకటి ఇంట్లో పుట్టింది. అది ఇంకా నడుస్తోంది. ఆ అన్న ఎంత చెప్పినా నమ్మేవాళ్లు నమ్ముతున్నారు, లేనివాళ్లు లేదు.

అందుకని మేం మా రూములో ఆరుగురం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరి ఇంటికి వాళ్లు ఇంకో చిన్న గ్రూపు చేసుకున్నాం. భార్య, అమ్మానాన్న, అన్నదమ్ములు, అంతే. దాంట్లో సొంత మాట, సొంత ఫోటో తప్ప ఇంకేదీ పెట్టకూడదు. పెద్ద గ్రూపు అట్లాగే ఉండనీ, దాంట్లోంచి బయటికి రావద్దు, వస్తే అదొక పంచాయితీ. దాన్ని మ్యూట్ చేసుకోండి, ఫోటోలు వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా సెట్టింగ్ మార్చుకోండి, డేటా మిగులుతుంది. చిన్న గ్రూపుకు మాత్రం వేరే రింగ్‌టోన్ పెట్టుకోండి. సెట్టింగులు రానివాళ్లుంటే భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, చేసిస్తా.

వీసా, జీతం, ఆమ్నెస్టీ లాంటి వార్త ఏదొచ్చినా, ఎవరు పంపినా, ముందు కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేసి అడగండి. 800 46342, డబ్బులు పడవు. అక్కడ అవునన్న తర్వాత పదిమందికి చెప్పండి, మంచిదే.

సభ మొదలు కాకముందు ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగారు. దేవుడి బొమ్మ వస్తది, పదకొండు మందికి పంపకుంటే కీడు అని ఉంటది, డిలీట్ చేస్తే పాపమా అని. ఆయన పేరు చెప్పను, ఇక్కడే ఉన్నారు. కాకా, నేను పూజారిని కాదు. కానీ మా అవ్వ అరవై ఏళ్లు పూజ చేసింది, ఆమెకు ఏ దేవుడూ పదకొండు మంది లెక్క అడగలేదు. మీరు మనసులో దండం పెట్టుకుని డిలీట్ చేయండి. భయమైతే నాకు పంపండి, నేను డిలీట్ చేస్తా.

బస్సులు తొమ్మిదింటికి అన్నారు, భోజనాలు రెడీగా ఉన్నాయట.